తడి మొదలైన చోటు: పౌడరు మేస్త్రిగారి వీడ్కోలు సభలో

సభకు అధ్యక్షత వహిస్తున్న వాహన తనిఖీ అధికారిగారికి, వేదిక మీదున్న డ్రైవర్ల సంఘం పెద్దలకు, మూడో వరసలో కూర్చున్న లెక్కల టీచరుగారికి, ముందు వరసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆవిడకు, ఆమె పక్కనున్న మా వదినగారికి, కుర్చీలు చాలక గోడవారన నిలబడి వీడెప్పుడు ముగిస్తాడా, టీ ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు) టీ నేను దిగాకే పొయ్యి మీద పెట్టమని చెప్పాను. కాబట్టి తొందరపడి లాభం లేదు.

నన్ను ఎరగనివాళ్ళు ఈ హాల్లో ఉండరనుకోండి, అయినా చెప్పాలి కనక చెబుతున్నాను. ఈ పూట మనం గౌరవించుకుంటున్న మేస్త్రిగారికి నేను తోడల్లుణ్ణి. ఆయన అక్కను చేసుకున్నారు, నేను చెల్లెల్ని చేసుకున్నాను. పెళ్ళయిన మర్నాటి నుంచే ఆయన నాకు అన్నయ్య, నేను ఆయనకు తమ్ముణ్ణి. నేను షాపులో చేరాక ఆయన లోపల ఇంజిన్ల కింద పడుకున్నారు, నేను బయట కౌంటరు దగ్గర కూర్చున్నాను. ఆయనకు పని వచ్చు, నాకు మాటలు వచ్చు. ఇన్నేళ్ళలో ఆయన మాట్లాడవలసిన మాటలన్నీ నేనే మాట్లాడాను, నేను చెయ్యవలసిన పనంతా ఆయనే చేశారు. ఈ ఏర్పాటు మీద ఇద్దరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఇంట్లోవాళ్ళకి ఉందేమో, అది వేరే సంగతి.

మీకు పంచిన ఆహ్వానంలో 'వయోభారం వల్ల విశ్రాంతి' అని అచ్చు వేయించాం. ఆ మాట రాసింది నేనే. మోకాళ్ళ నొప్పులు నిజమే, కారు కింద నుంచి లేవడానికి బంపరు పట్టుకోవలసి వస్తున్న మాటా నిజమే. కానీ విశ్రాంతి తీసుకునే మేస్త్రి ఎలా ఉంటాడో మనందరికీ తెలుసు. పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, ఆ స్పానరు కాదురా అంటాడు, మా రోజుల్లో అంటాడు. ఈయన అలా లేరు. పోయిన నెల ఒక సాయంత్రం పని బట్టలు విప్పి మేకుకు తగిలించి, "తమ్ముడూ, ఇక ఈ గడప తొక్కను" అన్నారు. అన్నట్టే తొక్కలేదు. కూరగాయలకు వెళ్ళినా షాపున్న వీధి తప్పించుకుని చుట్టు తిరిగి వెళుతున్నారట. వదిన చెప్పింది. అందుకని పెద్దలు నన్ను మన్నించాలి. నేనీ మైకు పట్టుకున్నది ఆయన్ని సాగనంపడానికి కాదు, వెనక్కి పిలవడానికి. పనికి రమ్మనడం లేదు. గడప లోపలికి రమ్మంటున్నాను, అంతే. ఎందుకు రానంటున్నారో మీకు చెబుతాను. చెప్పొద్దన్నారు. అయినా చెబుతాను, అన్నయ్యా, మీరు అటు గోడ వైపు చూసినా ఆపను.

ముందు ఆయన పని గురించి. ఇంజిన్ ఆయిలు లీకంటే చాలామందికి తేలిక విషయం. కింద చుక్క పడింది, పైన సీలు, అంటే నూనెను ఆపే రబ్బరు చుట్టు, పోయింది, మార్చి పారెయ్యి. కానీ నూనెకి ఒక దుర్గుణం ఉంది. పుట్టిన చోట నిలవదు. పైన ఎక్కడో ఒక మూల సన్నగా చెమ్మగిల్లుతుంది, ఇంజిన్ ఒంటి మీదుగా జారుతుంది, బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, చిట్టచివరికి ఏ పాపం ఎరగని ఒక బోల్టు కొసకి వేలాడి కింద రాలుతుంది. మనం వెళ్ళి ఆ బోల్టు పీక పట్టుకుంటాం. ఇళ్ళల్లో కూడా అంతే కదా, పింగాణీ పగిలిన చప్పుడు వినబడితే ఎవడు దగ్గరుంటే వాడికి పడతాయి దెబ్బలు.

మా అన్నయ్య పద్ధతి వేరు. పాత కారు లీకుతో వచ్చిందంటే ముందు స్పానరు ముట్టుకోరు. ఇంజిన్ని సబ్బునీళ్ళతో, బ్రష్షుతో మూలమూలా కడుగుతారు. ఆరబెడతారు. ఆరాక దాని మీద మనం ముఖానికి రాసుకునే పౌడరు చల్లుతారు. చల్లి, బండిని ఊరి బయటిదాకా ఒక చుట్టు తిప్పుకొచ్చి, చిన్న అద్దం, టార్చిలైటు పట్టుకుని లోపలికి తొంగి చూస్తారు. తెల్లటి పౌడరు మీద నూనె నడిచిన దారి నల్లగా గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీతను కింద నుంచి పైకి పట్టుకుపోతే తడి మొదలైన చోటు దొరుకుతుంది. పని అక్కడ. చుక్క పడిన చోట కాదు. ఆయన్ని పౌడరు మేస్త్రి అని ఎందుకంటారో ఈ కాలం పిల్లలకు తెలియదు, అందం మీద శ్రద్ధ ఎక్కువేమో అనుకుంటారు. (నవ్వులు)

ఈ పౌడరు వల్ల ఆయన కాపురం కూలిపోవలసింది. వదినా, మీ అనుమతి తీసుకునే చెబుతున్నాను, తల దించుకోకండి. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో, అప్పటికి నేనింకా ఆ ఇంటి అల్లుణ్ణి కాలేదు, ఇంట్లో పౌడరు డబ్బాలు వారం తిరక్కుండా ఖాళీ అయిపోతున్నాయి. మొగుడు సాయంత్రం ఇంటికొస్తే చొక్కా పౌడరు వాసన. అడిగితే సమాధానం చెప్పరు. ఆయన ఏం అడిగినా చెప్పరని అప్పటికి ఆవిడకు తెలియదు. కొత్త కాపురం, ఆడది ఏమనుకుంటుంది? ఒక మధ్యాహ్నం చెల్లెల్ని, అంటే మా ఆవిడను, వెంటేసుకుని, తాడో పేడో తేల్చుకుందామని షాపుకొచ్చింది. వచ్చేసరికి ఈయన సగం కారు లోపల, సగం బయట. ఇంజిన్ని పసిపిల్లని తయారు చేసినట్టు తయారు చేస్తూ చేతిలో ఆవిడ పౌడరు డబ్బా. గుమ్మంలో పెళ్ళాం గొంతు విని బెదిరాడా మనిషి? లేదు. తల తిప్పకుండా, "ఆ మూత పెట్టు, గాలికి పోతోంది" అన్నారట. (నవ్వులు) ఆవిడ మూత పెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో రెండు డబ్బాలు కొంటున్నారు. మంచిది మనిషికి, చవకది ఇంజిన్‌కి. అవి తారుమారైన రోజులు కూడా ఉన్నాయని మా ఆవిడ అంటుంది, సాక్ష్యం మాత్రం లేదు.

మన పొడుగు డ్రైవరు ఎక్కడ? కుర్చీ వెనక దాక్కోకు, మోకాళ్ళ దాకానే దాగుతున్నావు. ఇతని పాత టాక్సీకి ట్యాపెట్ కవరు దగ్గర, అంటే ఇంజిన్ నెత్తి మీదుండే మూత దగ్గర, నూనె చెమర్చేది. మా దగ్గరకు రావడం దేనికి, నా చేతులకేం తక్కువ అని, స్పానరుకు పైపు తొడిగి బలం కొద్దీ బిగించాడు. ఇంకా కారింది. ఇంకా బిగించాడు. మూత కింద ఉండే బెండు ప్యాకింగు నలిగి నాలికలా బయటికొచ్చింది, మూత అంచు వంగిపోయింది. అన్నయ్య ఆ మూత తీసి, ఒక అద్దం పలక మీద బోర్లించి, వెనకనుంచి టార్చి వేసి చూపించారు. అంచు కింద నుంచి వెలుతురు. "చూశావా, నువ్వు బిగించిన చోటల్లా తలుపు తెరిచావు" అన్నారు. చెక్క దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో టపటపా బాదడం కాదు, తడిమినట్టు తట్టి, అంచు సరిచేసి, కొత్త ప్యాకింగు వేసి, ఈ మూల ఒక బోల్టు, ఆ ఎదురు మూల ఒక బోల్టు, వట్టి చేతి బలంతో బిగించారు. మూతను అణచకూడదు, కూర్చోబెట్టాలి అంటారు ఆయన. ఈ ముక్క మా ఇంట్లో పిల్లల పెంపకంలో కూడా వాడి చూశాం. మూత విన్నంతగా పిల్లలు వినలేదు.

ఇక అధ్యక్షులవారు. వీరు తనిఖీకి వచ్చిన బండి కింద తెల్లకాగితం పరిచి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కాగితం మీద చుక్క పడితే బండి వెనక్కి. అందుకని ముందు రోజు సాయంత్రం మా షాపు దగ్గర జనం. రిపేరుకి కాదు. "మేస్త్రిగారూ, కింద కాస్త గుడ్డ పెట్టి తుడవండి, రేపొక్క గంట చుక్క పడకపోతే చాలు." అన్నయ్య ఒక్క బండికి కూడా తుడవలేదు. కోపమొచ్చి వేరే షాపులకు వెళ్ళినవాళ్ళున్నారు, వాళ్ళలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు, నేను అటు చూడటం లేదు. (నవ్వులు) ఒకసారి ఒక బండిని బాగుచెయ్యకుండా అలాగే తనిఖీకి పంపి, తనూ వెనకాలే నడుచుకుంటూ వెళ్ళి, "అయ్యా, దీనికి లీకుంది. ఎక్కడో ఇంకా దొరకలేదు. గడువిస్తే దొరకబుచ్చుకుంటాను" అన్నారు. నా ఎదుట నిలబడి బండికి లీకుందని తానే చెప్పిన మొదటి మనిషి నువ్వేనయ్యా అని అధికారిగారు గడువిచ్చారు. ఆ గడువుకి కృతజ్ఞత చెప్పడం అన్నయ్యకు చేతకాలేదు. ఆలస్యమైనా ఆయన తరఫున నేను చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

లెక్కల టీచరుగారి కారు మీకందరికీ తెలుసు. లేత నీలం రంగు, వాళ్ళ నాన్నగారు కొన్నది. ఆ కారును మా అన్నయ్య తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. పోయిన నెల ఆవిడ వచ్చి, కింద నూనె పడుతోంది, రేపు మా అమ్మను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి అన్నారు. అన్నయ్య కిందకు దూరి చూశారు. ఇంజినూ గేరుబాక్సూ కలిసే చోట తడి. వెనక సీలు అన్నారు. కడగలేదు. పౌడరు చల్లలేదు. తొందరొకటి, అంతకంటే, తెలిసిన కారు. పరాయి కారైతే కడిగేవారు. సొంత బిడ్డకి జ్వరమొస్తే ఒంటి మీద చెయ్యి వేసి చాల్లే అనుకుంటాం చూడండి, అలాగ. గేరుబాక్సు దించారు, సీలు చూస్తే నిజంగానే గట్టిపడిపోయి ఉంది, కొత్తది వేశారు, సాయంత్రానికి కారిచ్చేశారు. కింద పొడిగా ఉంది.

మర్నాడు టీచరుగారు అమ్మను కూర్చోబెట్టుకుని వస్తుంటే, ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఇంజిన్‌లో నూనె తగ్గిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. ఆవిడ తెలివైనవారు, వెంటనే ఇంజిన్ ఆపేశారు. ఆస్పత్రి నుంచి అప్పుడే బయటపడ్డ పెద్దావిడ, ఎండలో, రోడ్డు పక్కన రాయి మీద కూర్చోవలసి వచ్చింది. వేరే బండి దొరికి క్షేమంగా ఇల్లు చేరారు. ఆ పెద్దావిడ ఇవాళ బాగున్నారు, కబురంపారు కూడా. కానీ ఆ రాయి మా అన్నయ్య కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

కారును కట్టి లాక్కొచ్చాం. అన్నయ్య ముఖం చూడలేకపోయాం. సీలు సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ గేరుబాక్సు దించుతాను అన్నారు. అప్పుడు అన్నయ్యగారి అమ్మాయి, మీకందరికీ తెలుసు, ఆరేళ్ళుగా తండ్రి పక్కనే పనిచేస్తోంది, "నాన్నా, ముందు కడుగుదాం" అంది. గట్టిగా అనలేదు. ఆయన విననట్టే ఉన్నారు. నేను కూడా నోరు మూసుకున్నానంటే పరిస్థితి ఎలాంటిదో మీరే ఊహించుకోండి. కొంతసేపటికి ఆయనే లేచి, బకెట్టు తెచ్చుకుని, బ్రష్షు తీసుకుని, తనే కడిగారు. అమ్మాయి పౌడరు చల్లింది.

ఇంజిన్ నడిపి చూస్తే కొత్త సీలు పొడిగా ఉంది. నూనె పైన మూత వెనక మూల నుంచి తన్నుకొస్తోంది, ముందు సీలు దగ్గర కూడా చెమరుస్తోంది. రెండు చోట్ల ఒకేసారి. అమ్మాయి, నడుస్తున్న ఇంజిన్ మీదే, నూనె పోసే మూత తీసి పట్టుకుంది. లోపలినుంచి పొగ బుస్సుమని చేతిని తోసింది. "నాన్నా, ఇది ఊపిరాడక చేస్తున్న పని" అంది. ఇంజిన్‌కి గాలి వదిలే పైపొకటి ఉంటుంది, బ్రీదరు పైపు. అది విప్పితే లోపల నల్లటి మడ్డి, పుల్ల దూరనంతగా. లోపలి గాలికి దారి లేక నూనెను ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికి తోస్తోంది. మనం వెనక సందు మూశాం. అది పైన సందు వెతుక్కుంది. పైపు శుభ్రం చేసి, పైన ప్యాకింగు మార్చాం. ముందు సీలు ముట్టుకోనే లేదు, దానంతటదే ఆగిపోయింది. ఆ కారు ఇవాళ్టికీ చుక్క కార్చలేదు. టీచరుగారూ, అవునా? అవునంటున్నారు.

టీచరుగారు సాయంత్రం కారు కోసం వచ్చారు. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. కౌంటరు దగ్గర కూర్చునే ప్రతివాడి నాలిక చివరా ఒక మాట సిద్ధంగా ఉంటుంది. 'మేం ఆపిన లీకు ఆగింది అమ్మా, ఇది వేరే లీకు.' ప్రపంచంలో ఏ షాపుకెళ్ళినా వినబడే మాట ఇదే. చిత్రమేమిటంటే ఆ రోజు అది అక్షరాలా నిజం. వెనక సీలు పోయిందీ నిజమే, ఆగిందీ నిజమే, ఇది వేరే చోటన్నదీ నిజమే. ఆ నిజం వెనక మా అన్నయ్య హాయిగా నిలబడొచ్చు. ఎవరూ వేలెత్తి చూపరు. ఆయన చేతులు తుడుచుకోకుండానే బయటికొచ్చి, షాపులో ఉన్న పదిమంది ముందూ, "అమ్మా, నేను తప్పుగా చూశాను. కడక్కుండా చెప్పాను. మీ అమ్మగారు రోడ్డు మీద కూర్చున్నది నా వల్ల. సరిగ్గా చూసింది మా అమ్మాయి" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన ఒక గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

ఆ మాట అనేసి లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకున్నారు. మిగతాది మీకు చెప్పాను. అన్నయ్యా, ఆ రోజు మీరేమనుకున్నారో నాకు తెలుసు. చూపు తప్పింది, ఇక నాకా షాపులో నిలబడే అర్హత లేదనుకున్నారు. మీరు సిగ్గుతో వెళ్ళిపోయారు. మేమందరం మాత్రం ఆ రోజు మిమ్మల్ని చూసి గర్వపడ్డాం. నేను చెప్పలేదు. మాటలు వచ్చని ఇంత గొప్పలు చెప్పుకునేవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పడానికి నెల పట్టింది, అదీ మైకులో. వెయ్యి కార్లు సరిగ్గా చూసిన మేస్త్రిని నేను గౌరవించాను. ఒక కారును తప్పుగా చూశానని చెప్పిన మేస్త్రిని ప్రేమించాను. ఇది మీకు ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి. (చప్పట్లు)

ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను. అమ్మాయి నన్ను తిట్టినా ఫరవాలేదు. రేపు పొద్దున్న తను ఒంటరిగా ఒక పాత కారు ఇంజిన్ విప్పబోతోంది. తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పని. నిన్న నా దగ్గరకొచ్చి, "బాబాయ్, నాకు భయంగా ఉంది" అంది. ఇంజిన్ గురించా అన్నాను. కాదంది. "తప్పుగా చూస్తే తప్పుగా చూశానని ఎలా చెప్పాలో నాన్నను చూసే నేర్చుకున్నాను. అలా చెప్పినందుకు నాన్న షాపుకే రాకుండా పోతే, నేను రేపు తప్పు చేస్తే ఏమైపోవాలి?" అంది. జవాబు నా దగ్గర లేదు, అన్నయ్యా. అది మీ దగ్గరుంది. మీరు రేపు పని చెయ్యొద్దు. చెయ్యి పెట్టొద్దు. వచ్చి కుర్చీలో కూర్చోండి. తప్పు చేసిన మేస్త్రి కూడా ఆ షాపులో కూర్చోవచ్చని మీ పిల్ల కళ్ళారా చూడాలి.

(మేస్త్రిగారు ఏదో అన్నారు.)

వినబడలేదు, అన్నయ్యా. మైకు ఇవ్వనా? వద్దంటున్నారు. ఏ కారు, అని అడుగుతున్నారు. అమ్మాయీ, నువ్వే లేచి చెప్పు.

(వెనక వరసలోంచి: "అధ్యక్షులవారిది, నాన్నా. రెండు నెలల నుంచి కారుతోందట.")

(పెద్దగా నవ్వులు, చప్పట్లు)

నెమ్మది, నెమ్మది. అధ్యక్షులవారు కూడా నవ్వుతున్నారు కాబట్టి మనం నవ్వొచ్చు. ఆగండి, అన్నయ్య ఇంకా ఏదో చెబుతున్నారు. ఫ్యాన్లు ఆపండయ్యా ఎవరైనా. ఏమన్నారు? సరే, నేనే అందరికీ వినిపిస్తాను. అమ్మాయితో అంటున్నారు: "ఇంజిన్ బాగా చల్లారాక మొదలుపెట్టు. నేను వచ్చేదాకా ఆగక్కర్లేదు."

నేను దాచిపెట్టుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి కానీ, ఇక వాటితో పని లేదు. మా షాపుకి బండ్లతో పాటు నమ్మకాన్ని కూడా తెచ్చి అప్పగించిన మీ అందరికీ, ఓపికగా కూర్చున్న అధ్యక్షులవారికి, పౌడరు డబ్బా మూత పెట్టి కాపురం నిలబెట్టిన మా వదినగారికి పేరుపేరునా ధన్యవాదాలు. వదిన కళ్ళు తుడుచుకుంటోంది, మా ఆవిడ టీ సంగతి చూడమని సైగ చేస్తోంది, కాబట్టి నాకు సెలవు. అన్నయ్యకు మాత్రం ఇవ్వడం లేదు.